మూడో నంబరు ఇంటి కింద

సిద్దిపేట,
మే 12

ప్రియమైన దుబ్బయ్య బామ్మర్దికి,

ఉప్పలయ్య రాసేది. నీకు ఫోన్‌లో వినపడదు. అరిచి చెప్పే ఓపిక నాకు లేదు. నా చదువు మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

మన నేతగాళ్ల సొసైటీ క్వార్టర్లు పాతబడ్డాయని పోయిన ఏడు అందరినీ ఖాళీ చేయించారు కదా. ఇప్పుడు కూలగొట్టరట. బాగుచేసి పాతవాళ్లకు కొన్ని, ఇల్లు లేనివాళ్లకు కొన్ని తక్కువ కిరాయికి ఇస్తారట. మా మూడో నంబరు మళ్లీ మాకే అన్నారు. నీ చెల్లె కిష్టవ్వ మోకాళ్లకు కింది ఇల్లే కావాలి. ఇప్పుడున్న రేకుల గదికి ఏడు మెట్లున్నాయి. కూర్చుని కూర్చుని దిగుతుంది.

ఇండ్లు ఇచ్చే ముందు పరీక్షలు చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి స్నిగ్ధ అనే ఇంజినీరు పిల్ల వచ్చింది. గోడల రంగు గీకింది. పైకప్పు రేకు ముక్క సంచిలో వేసుకుంది. ఆవరణలో నాలుగు చోట్ల మట్టి తీసింది. బోరు ఎండి నాలుగేళ్లయింది కాబట్టి పరీక్షకు నీళ్లు దొరకలేదు. తరువాత నా దగ్గరికి వచ్చింది.

"తాతా, ఈ ఇండ్లు కట్టకముందు ఈ జాగల ఏముండె?"

"ఏం లేకుండె. తుమ్మచెట్లుండె" అన్నాను.

అద్దకం షెడ్డు ఉండేదని చెప్పలేదు. షెడ్డు మూసిననాడు మిగిలిన రెండు డ్రమ్ముల నారింజ రంగు ఉప్పును మనిద్దరం పడమటి గోడ పక్కన పాతిపెట్టామనీ చెప్పలేదు. నూలుకు రంగు పట్టించే ఆ ఉప్పుతో మన వేళ్లకు చిల్లులు పడేవి. అయినా మన్ను తినేస్తుందిలే అనుకున్నాం. అప్పటివాళ్లలో మిగిలింది మనమే.

నిన్ను సలహా అడగడం లేదు. చెబుతున్నాను, అంతే.

నీ బావ,
ఉప్పలయ్య

భీవండి,
మే 26

ప్రియమైన ఉప్పలయ్య బావకు దుబ్బయ్య నమస్కారాలు.

నా మనవరాలు సింధూజ నీ ఉత్తరం చదివి వినిపిస్తానంది. ఇవ్వలేదు. నేనే చదువుకుని చింపేశాను. నువ్వూ ఇది చింపెయ్.

చెప్పకపోవడమే మంచిదైంది. ఇకముందు కూడా చెప్పకు. నోరు తెరిస్తే పని ఆపేస్తారు. ఇరవై నాలుగు ఇండ్లు పోతాయి. లిస్టులో నా కోడలు రాధమ్మ పేరు ఉంది. నా కొడుకు పోయినప్పటి నుంచి అక్కడే కిరాయి ఇండ్లు మారుతూ, బీడీలు చుడుతూ బతుకుతోంది. ఆమె నోటి దగ్గరిది తీసెయ్యకు.

ఇంకొక మాట. వాళ్లను అడిగి పై అంతస్తు ఇల్లు తీసుకో. కింద తేమ ఎక్కువ. చెల్లెకు మోకాళ్ల నొప్పులని నాకు తెలుసు. అయినా అడుగు.

మీ మేలు కోరే
దుబ్బయ్య

సిద్దిపేట,
జూన్ 18

ప్రియమైన దుబ్బయ్యకు,

నీ మాట వినలేదు. చెప్పేశాను.

ఇండ్లు వచ్చేవాళ్లు చూసుకోవడానికి వచ్చారు. ఒకామె చంటిదాన్ని వరండాలో వట్టి నేల మీద పడుకోబెట్టి గదులు కొలుచుకుంది. రాధమ్మ కూడా వచ్చింది. గోడలు చేత్తో తడిమింది. మనం అద్దిన ఎరుపు కారిపోయిందని ఒక్కరైనా చీర తిరిగి తెచ్చారా? అట్లా బతికినవాణ్ని, ఈ వయసులో చెడు సరుకు అంటగట్టలేను. తెల్లారి పోయి ఆ పిల్లకు చెప్పాను. నా ఒక్కడి పేరే చెప్పాను.

పడమటి గోడ పక్కన మిషను పెట్టి నిలువెత్తు తవ్వారు. రాళ్లు వచ్చాయి. ఒక పగిలిన సీసా వచ్చింది. డ్రమ్ముల్లేవు. ఇంకా పక్కకు తవ్వమన్నాను. తవ్వారు. అక్కడా లేవు.

కాంట్రాక్టరు మనిషి అందరి ముందూ అన్నాడు: "తాతకు ఎండదెబ్బ తాకినట్టుంది. జర మజ్జిగ పొయ్యున్రి."

నవ్వారు. స్నిగ్ధ నవ్వలేదు. కాగితం మీద రాసుకుని, పోయి పడుకో తాతా అంది. నాకు అదే ఎక్కువ తగిలింది. ఇప్పుడు ఆ జాగ శుభ్రమని రాస్తారట. శ్రావణంలో తాళాలిస్తారట. రెండు రోజులు పని ఆపించానని రాధమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

కిష్టవ్వ అడిగింది: "నిజంగ పాతిపెట్టిన్రా, కల గన్నవా?"

డ్రమ్ములకు కాళ్లు రావు. నీకేమైనా తెలుసా? తెలిస్తే రాయి.

ఉప్పలయ్య

భీవండి,
జూలై 3

ప్రియమైన బావకు,

నువ్వు కల గనలేదు.

ఇండ్ల పునాదులు లేచినప్పుడు మేస్త్రీ పడమటి గోడ పక్కన నీళ్ల సంపు తవ్వుతామన్నాడు. డ్రమ్ములు బయటపడితే మనిద్దరినీ సొసైటీ నుంచి తీసేస్తారని నాకు భయం పుట్టింది. అప్పుడు నువ్వు ఊళ్లో లేవు. చెల్లె మొక్కు తీర్చుకోవడానికి మీరిద్దరూ కొమురవెల్లి పోయి మల్లన్నకు రంగుల ముగ్గు పరిచి పట్నం వేయిస్తున్నారు. మధ్యాహ్నం కూలీలు తిండికి పోయిన వేళ డ్రమ్ములు తవ్వి తీశాను. దొర్లించుకుంటూ పోయి, మొరం మట్టి నింపుతున్న ఒక పునాది గదిలో వేసి కప్పేశాను. తరువాత ఆ సంపు తవ్వనే లేదు.

ఏడాదికి చీటీలు తీసి ఇండ్లు పంచారు. ఆ గది నీకు వచ్చింది. మూడో నంబరు.

ఆ రోజే చెప్పాల్సింది. చెల్లె అప్పుడే గడపకు పసుపు రాస్తోంది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాలేదు. నాకొచ్చిన ఇల్లు వదులుకుని, మగ్గాల పని ఉందని చెప్పి ఇక్కడికి వచ్చాను. మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ బువ్వ తిన్నాను గానీ మీ బోరు నీళ్లు తాగలేదు బావా. బస్టాండులో కొనుక్కుని వచ్చేవాణ్ని.

డ్రమ్ములున్న చోటు వెనక కాగితం మీద గీసి చూపించాను. వంట గదిలో, పొయ్యి గట్టు కింద. ఆ పిల్లకు ఇస్తావో చింపేస్తావో నీ ఇష్టం.

దుబ్బయ్య

సిద్దిపేట,
ఆగస్టు 1

దుబ్బయ్యకు,

నువ్వు గీసిన కాగితం స్నిగ్ధకు ఇచ్చాను. నీ పేరున్న మేర చింపి ఇచ్చాను. ఎవరు గీశారని అడిగింది. నాకే గుర్తొచ్చిందన్నాను.

పొయ్యి గట్టు పగలగొట్టారు. ఒక డ్రమ్ము పూర్తిగా తుప్పయి రాలిపోయింది. రెండోదానికి అడుగు మిగిలింది. కింద మట్టి పసుపురంగుకు తిరిగి ఉంది. కాంట్రాక్టరు మనిషి పక్కకు తప్పుకున్నాడు. మూడో నంబరు లిస్టులోంచి కొట్టేశారు. అటూ ఇటూ రెండు ఇండ్లకు మట్టి తీసేదాకా తాళం. బోరు సిమెంటుతో మూశారు. మిగతావి నల్లా నీళ్లతో ఇస్తారు. రాధమ్మకు పందొమ్మిదో నంబరు వచ్చింది.

మాకు మూడో అంతస్తులో ఇస్తామన్నారు. వద్దని చెప్పాను.

ఆ బోరు నీళ్లు ఎన్నేండ్లు తాగారని ఆ పిల్ల అడిగింది. "ఇరవై మూడేండ్లు" అన్నాను. తనే దవాఖానకు తోలుకుపోయింది. ఇద్దరికీ రక్తం తీశారు. నాకు బాగానే ఉందన్నారు. కిష్టవ్వకు కిడ్నీల సంగతి మళ్లీ చూడాలట. అది ఈ నీళ్లతోనే అని చెప్పలేమన్నాడు డాక్టరు. కాదనీ చెప్పలేమన్నాడు. నేను విని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

ఇంటికి వచ్చాక కిష్టవ్వ ఒకటే అడిగింది.

"మా దుబ్బన్నకు ఎరుకేనా, మన ఇంటి కిందనే ఉన్నయని?"

"ఎరుక లేదు" అన్నాను.

నీ కోసం అనలేదు. నువ్వు తప్ప ఆమెకు తోడబుట్టినవాళ్లు లేరు.

ఈ ఏడు బజారుకు పోలేనని, పక్కింటి పిల్లతో తెప్పించి నీకు రాఖీ ఇచ్చింది. ఈ కవర్లో పెట్టాను. సింధూజతో కట్టించుకుని ఫొటో పంపు. ఆమె చూస్తుంది.

నాకు మాత్రం రాయకు.

ఉప్పలయ్య