గంగుబాయి చేతులు కట్టిన గుడ్డ

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు,
నిజామాబాదు.

బోధన్ పట్టణ వాస్తవ్యుడు, చెరకు కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరైన బాపురావు వ్రాసుకొను అర్జీ.

విషయం: నిర్మలఛాయ ఆఖరిదశ సేవా కేంద్రమునకు "అత్యంత ప్రశాంత కేంద్రం" అను సర్టిఫికెటు ఇచ్చుటను నిలిపివేసి, సదరు కేంద్రమును మళ్ళీ తనిఖీ చేయుట గురించి, మరియు దాని మేనేజరు ఆత్మారాంను తగిన విధముగా శిక్షించుట గురించి. (తగిన విధము ఏదో క్రింద వివరించబడినది.)

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, సదరు కేంద్రము నిజామాబాదు నుంచి బోధన్ వచ్చే రోడ్డు మీద ఉన్నది. డాక్టర్లు ఇక చేసేది లేదని చేతులెత్తేసిన రోగులను చేర్చుకొని, నొప్పి తెలియకుండా చూసుకొని, గౌరవంగా సాగనంపుతామని వాళ్ళు బోర్డు పెట్టుకున్నారు. నా భార్య గంగుబాయి గొంతు కేన్సరుతో ఆఖరి రోజులు అక్కడే గడిపి, కిందటి కార్తీకంలో చనిపోయినది. వచ్చే నెల ఆ కేంద్రం వార్షికోత్సవం. హైదరాబాదు నుంచి ఒక ప్రైవేటు సంస్థ వారు వచ్చి, మార్కులు వేసి, ఈ చుట్టుపక్కల ఇంత ప్రశాంతమైన కేంద్రం ఇంకొకటి లేదని తేల్చినారు. ఆ సర్టిఫికెటును తమ చేతుల మీదుగా ఇప్పించబోతున్నారని ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను.

ఆ ఫ్లెక్సీ బోధన్ బస్టాండు ముందర ఉన్నది. దాని మీద పడుకొని ఉన్న మనిషి నా భార్య. మెడ దాకా తెల్ల దుప్పటి, మూసిన కళ్ళు. కింద "చివరి మజిలీలో చెదరని ప్రశాంతత" అని పెద్ద అక్షరాలతో రాసినారు. ఆ దుప్పటి కింద ఆమె రెండు చేతులు మంచం కడ్డీలకు కట్టి ఉన్నవి. అర్జీ సారాంశం ఇదే. ఇక వివరములు.

1. గంగుబాయి పెళ్ళికి ముందు నుంచీ బీడీలు చేసినది. మన జిల్లాలో ఇది విడమరచి చెప్పవలసిన సంగతి కాదు, ఏ గల్లీలోకి పోయినా చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళే కనబడతారు. తునికాకు కత్తిరించుట, తంబాకు పోసి చుట్టుట, దారం కట్టుట, ఈ పనులన్నీ ఆమె చేతులు ఆమెను అడగకుండానే చేసేవి. టీవీ చూస్తూ చేసేది. నన్ను తిడుతూ చేసేది. జబ్బు ముదిరి మాట పోయింది, మనుషులను గుర్తుపట్టడం తగ్గింది, చేతులు మాత్రం ఆగలేదు. పడుకున్న చోటనే గాలిలో ఆకు చుట్టేది, లేని దారం కట్టేది, కట్టిన బీడీని పక్కన పెట్టేది. పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా పెట్టేదో తమరు చూసి ఉండవలసినది.

2. న్యాయం చెప్పాలి కనుక చెబుతున్నాను, మొదట్లో ఆ కేంద్రం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అక్కడి నర్సు సౌందర్య, చందూర్ పిల్ల, చేర్చిన రోజే నన్ను అడిగింది.

"బాపూ, అవ్వ చేతులు గట్ల ఎందుకాడుతున్నయి?"

"బీడీలు చేస్తున్నది బిడ్డా."

"మరి ఉత్తచేతులతోని ఏం చేస్తది? ఆకు తెచ్చియ్యిండ్రి. తంబాకు వద్దు. ఆకు, దారం చాలు."

తెచ్చి ఇచ్చినాను. చాట ఒళ్ళో పెట్టగానే గంగుబాయి ముఖం తేటపడింది. ఆ పిల్ల నొప్పి మందు వేళకు ఇచ్చేది, నోరు తడిపేది, కింద పడిన ఆకులు ఏరి మళ్ళీ చాటలో వేసేది. మార్కులు నన్ను వేయమంటే సౌందర్యకు నూటికి నూరు. ఈ ఒక్క మంచి మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే తరువాత రాయవలసినది ఇంకో మనిషి గురించి.

3. మార్కులు వేసే బృందం ఫలానా రోజు వస్తున్నదని కేంద్రానికి ముందే కబురు వచ్చినది. అయ్యా, నేను కాటా దగ్గర ముసలివాణ్ణి అయినవాణ్ణి. అధికారి వస్తున్నాడని తెలిసిన రోజు కాటా మీద బల్లి కూడా పాకదు. కబురు పెట్టి వచ్చే తనిఖీ చుట్టరికానికి వచ్చినట్టే, చాయ తాగి పోవచ్చు. మేనేజరు ఆత్మారాం గోడలకు రంగు వేయించినాడు, గుమ్మానికి బంతిపూలు కట్టించినాడు, బంధువులెవరూ ఆ రోజు రావద్దని ఫోన్లు చేయించినాడు. గంగుబాయి ఒళ్ళోని చాట తీసి స్టోరు గదిలో పడేయించినాడు.

ఆకు దొరకని చేతులు ఊరుకుంటాయా? దుప్పటిని గుంజినవి, గ్లూకోజు పైపును చుట్టబోయినవి. సౌందర్య చాట తెచ్చిస్తానంటే ఆత్మారాం అన్న మాటలు ఆ పిల్లే నాకు చెప్పింది. "టీం ముంగట బీడీల ఆకులా? ఇది దవఖాననా, బీడీల ఖార్ఖాననా?" అన్నాడట. అని, బ్యాండేజీ గుడ్డ తీసుకొని, ఆ రెండు చేతులు తనే కట్టి, పైన దుప్పటి కప్పినాడట. బృందం వారు వచ్చి మంచం ముందర నిలబడి, ఈమె ఎంత నిమ్మళంగా ఉన్నదో అని మురిసిపోయి ఫోటో తీసినారు, ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ ఫోటోనే. దుప్పటి ఎత్తి చూసిన వారు ఒక్కరూ లేరు. గొంతు లేని మనిషి ఏమని అరుస్తుంది?

4. రావద్దన్నా నేను సాయంత్రం పోయినాను. అప్పటికి బృందం వెళ్ళిపోయింది. ఆఫీసు గదిలో గులాబ్‌జామూన్ పంచుకుంటున్నారు, నవ్వులు బయటికి వినబడుతున్నవి. గంగుబాయి గదిలో ఎవరూ లేరు. కళ్ళు తెరిచి ఉన్నవి, నీళ్ళు చెవుల్లోకి కారి ఎండి ఉన్నవి. ముక్కు మీద ఈగ కూర్చున్నది. నేను దగ్గరికి పోయినా అది లేవలేదు. దాన్ని తోలే చెయ్యి ఆ మంచం మీద లేదని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. దుప్పటి తీసి చూసినాను.

సౌందర్య ఏడుస్తూ వచ్చి కత్తెర ఇచ్చింది. ముడి విప్పలేదు, విప్పితే సాక్ష్యం పోతుందని గుడ్డను ముడికి ఇవతల కోసినాను. మణికట్టు చుట్టూ చర్మం ఎర్రగా లేచి ఉన్నది.

5. ఆత్మారాంను నిలదీసినాను. నోట్లో మిఠాయి పెట్టుకొనే మాట్లాడినాడు.

"పెద్దబాపూ, టీం వచ్చిండ్రు. మంచిగ కనవడాలె గదా. గంతసేపే కట్టిన."

"టీం పొయ్యిండ్రు గదరా. మరి ఇంకెందుకున్నయి కట్లు?"

"యాదిమర్సినం పెద్దబాపూ. అందరం పనిల ఉన్నం."

యాదిమరిచినాడట! తాళం వేసిన సైకిలును మరిచిపోయినట్టు, పొయ్యి మీద పాలు మరిచిపోయినట్టు, నా పెండ్లాం రెండు చేతులను మరిచిపోయినాడు. వాని చేతులు పడిపోను. వానికి ఆఖరి గడియలో నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోను. (పై రెండు వాక్యములు అర్జీ మర్యాదకు తగవు కావున కొట్టివేయబడినట్టు భావించగలరు. నేను మాత్రం కొట్టివేయలేదు.)

6. కట్లు తీసిన తరువాత గంగుబాయి వేళ్ళు మళ్ళీ కదలలేదు. సౌందర్య చాట తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆకు వేళ్ళ మధ్య పెట్టింది. జారిపోయింది. మళ్ళీ పెట్టింది. డాక్టరును అడిగితే జబ్బు ముదిరిందన్నాడు. ఆయన చదువు ఆయనది. నాకు తెలిసినది వేరు, ఆమె అలిగింది. నా మీద అలిగితే అన్నం పెట్టి మాట్లాడకుండా ఉండేది, బీడీలు మాత్రం ఎన్నడూ మానలేదు. ఈసారి వాటిని కూడా మానేసింది. అట్లాగే చేతులు చాపుకొని కొద్ది రోజులకే పోయింది. రోగిని సాగనంపే చోట ఆఖరుకు మిగిలిన ఒక్క పనిని గుంజుకున్నారు, దానికి మార్కులు పడినవి.

7. తెలియక చేసినాడని ఎవరైనా తమకు చెప్పవచ్చును. అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆత్మారాం ఎక్కడినుంచో ఊడిపడినవాడు కాదు. మా గల్లీ రేణుకమ్మ కొడుకు. రేణుకమ్మా గంగుబాయీ ఒకే అరుగు మీద బీడీలు చేసినవాళ్ళు. రేణుకమ్మకు టైఫాయిడు వచ్చి మంచం పట్టినప్పుడు ఆమె వంతు బీడీలు కూడా నా భార్యే చేసింది, పక్కన గుడ్డ పరిచి ఈ ఆత్మారాంనే పండబెట్టుకొని. ఆ వేళ్ళు ఏం చేస్తున్నవో వానికి తెలియకపోతే ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. అన్నీ తెలిసి కట్టినాడు.

8. ఈ సంగతి బయట చెప్పినందుకు సౌందర్యను ఉద్యోగం నుంచి తీసివేసినారు. నేను రాతపూర్వకంగా అడిగిన సంజాయిషీకి "రోగి భద్రత దృష్ట్యా సౌమ్యమైన నియంత్రణ పాటించబడినది" అని జవాబు పంపినారు. సౌమ్యమైన నియంత్రణ! మా ఆకులు కట్టే దారం కూడా దీనికన్నా మెత్తగా ఉంటుంది.

కావున తమను కోరునది ఏమనగా:

(అ) తమరు ఆ సభకు పోవద్దు. పోతే వచ్చే ఏడు ఫ్లెక్సీ మీద నా భార్య పక్కన తమ ఫోటో వేస్తారు. సభకు బదులు, కబురు పెట్టకుండా, ఏదో ఒక మధ్యాహ్నం పూట, పని ఉండి అటు పోతున్నట్టుగా లోపలికి పోయి ప్రతి మంచం మీది దుప్పటి ఎత్తి చూడగలరు.

(ఆ) బస్టాండు ముందరి ఫ్లెక్సీని తీయించవద్దు. నా మాట మళ్ళీ చదవండి, తీయించవద్దు. అంతే పెద్ద అక్షరాలతో, "దుప్పటి కింద ఈమె చేతులు కట్టి ఉన్నవి, కట్టినవాడు ఆత్మారాం" అని ఒక లైను కలిపించవలెను. బస్సు దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు అందరూ చదవాలి. వాడు పాన్‌డబ్బా దగ్గర నిలబడితే వేళ్ళు చూపించాలి.

(ఇ) ఆత్మారాంను అదే గదిలో అదే మంచం మీద పండబెట్టి, రెండు చేతులు కడ్డీలకు కట్టి, మెడ దాకా దుప్పటి కప్పి ఉంచవలెను. నోట్లో గుడ్డ కూడా పెట్టవలెను, గంగుబాయికి గొంతు లేదు గనుక. ఫ్యాను బంద్ చేయవలెను. ఈగలను ఎవరూ తోలరాదు. నలుగురు వచ్చి ఎంత నిమ్మళంగా ఉన్నాడో అని మెచ్చుకొని, పక్క గదిలో కూర్చొని మిఠాయి తినవలెను. ఎంత సేపు అని తమరు అడిగితే, గంతసేపే. ఆ తరువాత అందరూ యాదిమరవవలెను. ఇట్లాంటి శిక్ష చట్టంలో లేదని నాకు తెలుసు. అడగడానికి ఏ చట్టమూ అడ్డం రాదని కూడా తెలుసు.

(ఈ) సౌందర్యను మళ్ళీ పనిలోకి తీసుకొనునట్లు ఉత్తర్వులు ఇప్పించగలరు. ఆ మంచాల మీద ఇంకా మనుషులున్నారు.

అర్జీదారుని కోపమును పక్కన పెట్టి, అర్జీలోని నిజమును చిత్తగించవలెను. కోపమును కూడా చిత్తగించినచో మరీ మంచిది.

ఇట్లు
తమ విధేయుడు (తమకు మాత్రమే),
బాపురావు

జతపరచినవి: బ్యాండేజీ గుడ్డ ముక్కలు రెండు, ముళ్ళతో సహా. చూసిన తరువాత తిరిగి ఇప్పించగలరు. పారేయవద్దు.

తా.క.: కవరు అంటించబోతుండగా రేణుకమ్మ వచ్చింది. నేను ఆమె కొడుకు మీద అర్జీ రాస్తున్నానని గల్లీలో ఎవరో చెప్పినారట. కాళ్ళ మీద పడి బతిమాలుతుందనుకున్నాను, ఏమని కసరాలో కూడా మనసులో అనుకొని పెట్టుకున్నాను. ఆమె గడప మీద కూర్చొని, "ఏం రాసినవో సదువు అన్నా" అన్నది.

మొదటి నుంచీ చదివినాను. కొట్టివేయని ఆ రెండు వాక్యాలు కూడా వదలలేదు. వింటున్నంత సేపూ ఒళ్ళో ఆమె వేళ్ళు కదులుతూనే ఉన్నవి. చాట ఇంటి దగ్గర పెట్టి వచ్చింది, వేళ్ళకు అది పట్టలేదు. చదవడం అయిపోయిన తరువాత అడిగింది.

"ముడి వాడే ఏసిండా అన్నా?"

"వాడే."

"వదినె చేతులకు?"

నేను గుడ్డ ముక్కలు ఆమె ముందర పెట్టినాను. కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"మొన్ననే వాడు నన్ను ఆడికి తోల్కపోయి సూపిచ్చిండన్నా. ముసలిదానివైతివి, రేపేమన్నయితే ఫికరు లేదు, కిటికి పక్క మంచం నీదే అన్నడు. మస్తు సంబురపడ్డ."

కిటికీ పక్క మంచం గంగుబాయిదే అయ్యా. ఆ మాట ఆమెకు చెప్పినాను. కన్నతల్లి ఎదురుగా కూర్చున్నప్పుడు (ఇ) నెంబరు కోరిక నాకే ఎబ్బెట్టుగా కనిపించి, కొట్టివేస్తానని కలం తీసినాను.

"ఉండనియ్యి" అన్నది రేణుకమ్మ. "నా నిశాని గూడ తీస్కో."

సిరా డబ్బా తెచ్చినాను. బొటనవేలు కాగితం మీద పెట్టింది గానీ మిగతా వేళ్ళు లేని ఆకును చుడుతూనే ఉన్నవి, చెయ్యి నిలవడం లేదు. "జర పట్టుకో అన్నా" అన్నది. ఆడే చేతిని నేను పట్టుకోలేదు. క్రింద అలికినట్టు పడిన ఆ ముద్ర ఆత్మారాం తల్లి రేణుకమ్మది. అది అట్లాగే చెల్లును.