పత్తికి కొట్టే మందు

ఏమండీ,

రేపు మీ తద్దినం. ఈలోగా మీకు చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది.

మొన్న మన ఊరి బళ్లో, అరవై దాటినా మందూమాకూ లేకుండా తిరుగుతున్నవాళ్లందరికీ రక్తపరీక్షలు చేశారు. ఇవాళ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మామ్మగారూ, మీ ఒంట్లో మెగ్నీషియం బాగుందండీ" అంది.

పత్తి ఆకు ఎర్రబడితే, మళ్లీ పచ్చబడాలని మీరు డబ్బా వీపున తగిలించుకుని కొట్టేది అదేగా!

"అయ్యో తల్లీ, మేం పత్తి వేయడం ఎప్పుడో మానేశాం. అదింకా ఒంట్లోనే ఉందా?" అన్నాను.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "విషం కాదండీ, అది మనిషికీ కావాలి. ఇంతకీ ఏం తింటారు మీరు?" అనడిగింది. సజ్జరొట్టె, తోటకూర, నువ్వులపొడి అని చెప్పాను. "అదీ సంగతి! అవే తినండి" అంది.

మా పుట్టింటివని, 'మీ కనిగిరి తిండి' అంటూ మీరు వెక్కిరించినవే అవన్నీ. మీరు పోయాక, ఒక్కదానికి పొయ్యి వెలిగించడమెందుకని కొన్నాళ్లు మజ్జిగన్నంతోనే సరిపెట్టాను. తర్వాత ఓ పొద్దున బాగా ఆకలేసింది. రొట్టె చేసుకున్నాను.

కాఫీ అయినా తాగకుండా చేలోకెళ్లి, ఆకు తిరగేసి చూసేవారు మీరు. ఇందాక ఇంటికొస్తూ నేనూ ఎండలో నా అరచెయ్యి తిరగేసి చూసుకున్నాను.

బెంగపడకండి. ఆకు ఎర్రబడలేదు. పచ్చగానే ఉన్నాను.