షావుకారు జేబులు చూపించిన రోజు

కాశీబుగ్గ, పలాస

అమ్మకు నీ పెద్ద కూతురు పార్వతి నమస్కారాలు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? తాతయ్య, చెల్లి సరోజ కులాసాయేనా? నేను బాగున్నాను, బెంగపెట్టుకోకు. పక్కింటివాళ్ల ఫోనుకు చేద్దామనుకున్నాను గానీ, ఇది ఎస్టీడీ బూత్‌లో నిలబడి చెప్పే సంగతి కాదు. సరోజా, అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

ఇక్కడ ముసురు పట్టింది, బట్టలు ఆరడం లేదు. ఒక్కదాని కోసం వండుకోబుద్ధి కాక రెండు పూటలా చారన్నంతో సరిపెడుతున్నాను, తిట్టకు. గాలి ఇటు తిరిగితే జీడిపిక్కలు వేయించే పొగ గదిలోకి వస్తుంది. ఆ వాసన వస్తే జీడి రసానికి పొక్కిపోయిన నీ వేళ్లే గుర్తొస్తాయి. "ఆ పలాస మనకొద్దమ్మా" అని నువ్వు బతిమాలినా ఈ ఉద్యోగానికే ఎందుకొచ్చానో అప్పుడు చెప్పలేదు. నిన్ను జీడి ఫ్యాక్టరీ పనిలోంచి గెంటేసిన షావుకారు ఇక్కడే ఉన్నాడని వచ్చాను.

మా హైస్కూల్లో చదువుతోపాటు పనులు కూడా నేర్పుతారు. మగపిల్లలకు కరెంటు పని. నా దగ్గర ఆడపిల్లలు పచ్చళ్లు పెట్టడం, జీడిపప్పు ఏరి ప్యాకింగు చేయడం నేర్చుకుంటారు. ఆఖర్న వాళ్లను ఏదో ఒక ఫ్యాక్టరీకి శిక్షణకు పంపాలి. ఎక్కడికన్నది నా ఇష్టం.

పోయిన వారం షావుకారే హెడ్మాస్టరు గారిని వెంటబెట్టుకుని నా క్లాసుకు వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ, చిన్నప్పుడు నీ వెంట వచ్చి చూసిన నడక అదే. నన్ను గుర్తుపట్టలేదు. పళ్లెంలో పప్పు కెలికి, నోట్లో వేసుకుని, "బాగా ఏరతన్నారమ్మా మీ పిల్లలు. అందర్నీ మా ఫ్యాక్టరీకే అంపీయండి" అన్నాడు.

"మీ గేటు దగ్గర ఆడవాళ్లను ఇంకా వెతుకుతున్నారా?" అని అడిగాను.

"ఎతక్కపోతే ఎలగమ్మా? కొంగుల్లో పప్పు కట్టుకుని పట్టుకుపోతారు."

నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అయితే మా గదికీ అదే రూలు. జేబులు చూపించి వెళ్లండి."

"ఏటిది? నన్నే దొంగంతన్నావేటి?"

"మేడమ్, ఆయన పెద్దవారు, తప్పుకోండి" అన్నారు హెడ్మాస్టరు గారు. ఉద్యోగానికి ముప్పని తెలుసమ్మా. అయినా కదల్లేదు.

"సూసుకో, బాగా సూసుకో!" అని షావుకారు విసురుగా జేబు బయటికి లాగాడు. రుమాలుతోపాటు మా పళ్లెంలోని పప్పులు నేలమీద పడ్డాయి. ఎప్పుడు వేసుకున్నాడో ఆయనకే తెలియదేమో. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక క్లాసంతా ఆగలేదు.

"ఊరికే శాంపిలు సూద్దారని తీసినానమ్మా..." గొంతు దిగిపోయింది.

"మా అమ్మ దగ్గర ఇవి కూడా దొరకలేదు. అయినా అందరి ముందూ చీర కుచ్చిళ్లు లాగించి తరిమేశారు. ఆవిడ పేరు అప్పలనరసమ్మ."

"ఏ అప్పలనరసమ్మ?" అన్నాడు.

ఆ క్షణందాకా నాకు కాస్త జాలి కలిగిన మాట నిజం. ఆ మాటతో అదీ పోయింది. ఇన్నేళ్లు నువ్వు మోసిన అవమానం ఆయనకు గుర్తే లేదమ్మా!

ఒక్క పిల్లను కూడా ఆయన దగ్గరికి పంపలేదు. గేటు దగ్గర ఎవరినీ వెతకని చోటు టెక్కలి దారిలో ఉంది, అక్కడికి పంపాను. బజారంతా ఈ సంగతే నవ్వుకుంటున్నారు. వచ్చే ఏడు నన్ను ఉంచకపోవచ్చని హెడ్మాస్టరు గారు అంటున్నారు. పోతే పోనీ. కంటినిండా నిద్రపోతున్నాను.

నిన్న షావుకారు గుమాస్తా వచ్చి, "బాబుకి ఇప్పుడు గురుతొచ్చినాదటమ్మా. ఓపాలి ఇంటికొచ్చి టీ తాగి ఎల్లమన్నారు" అన్నాడు. "క్షమాపణ నాకు కాదు, ఊరికెళ్లి మా అమ్మకు చెప్పుకోమను" అన్నాను.

తాతయ్యకు నా దండాలు. ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతకాయ పచ్చడి పంపు. నన్ను దీవించు.

పనివాళ్లు చాలక, మా పిల్లల కోసమైనా ఆయన నిజంగానే నీ దగ్గరికి రావచ్చు. వస్తే నీ సంగతి నాకు తెలుసు. చాప వేస్తావు, మంచినీళ్లిస్తావు, "పోనీలెండి బాబూ" అంటావు. వద్దమ్మా. వాకిట్లోనే నిలబెట్టు, నలుగురి ముందూ చెప్పుకోనీ. ఇరుగూ పొరుగూ వచ్చేదాకా నోరు విప్పకు.

నీ కూతురు
పార్వతి