మిల్లు బనీను

అక్కకు దాసు వందనాలు. నిజామాబాదులో ప్రభువు దయవల్ల కులాసాగా ఉన్నాను, నా మోకాలి గురించి దిగులుపడకు.

నిరుడు ముసలివాడినయ్యానని నన్ను తీసేసిన బోధన్ చక్కెర మిల్లు ఫుట్‌బాల్ టీం మీదే నిన్న ఇక్కడి టీం తరఫున ఆడాను. వాళ్లలో ఒక్కణ్నీ నన్ను దాటి గోలు దాకా పోనివ్వలేదు. సగం ఆట కాగానే మాత్రం పాత అలవాటుగా వెళ్లి వాళ్ల బెంచీ మీదే కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. పొరపాటు తెలిసి లేవబోతే, గోల్‌కీపర్ భీమన్న ఎప్పటిలాగే చెరుకు ముక్క చీల్చి చేతిలో పెట్టి, "తిన్నంక పోదువు గని కూసో దాసన్నా, నిన్ను లెవ్వమన్నదెవరు" అన్నాడు.

పసుపు ఉడకబెట్టడం అయిందా? బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు. మసిగుడ్డ చేసుకోమని నిరుడు కోపంలో నీకిచ్చిన మిల్లు టీం బనీను ఇంకా చింపకపోతే, ఉతికి దాచు.

తమ్ముడు దాసు