వేపచెట్టుకు బీగం లేదు

మంగళవారం, రాత్రి

లక్ష్మక్కను చేనిలో కట్లపాము కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు. వేపాకు నమిలిస్తే చేదు తెలిసింది కాబట్టి విషం ఎక్కలేదని ఇంట్లో పడుకోబెట్టారు. రెప్పలు వాలుతుంటే నిద్ర అనుకున్నారు. విషానికి అదే గుర్తు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో విరుగుడు ఎక్కిస్తున్నారు, ఊపిరి మిషన్ మీద నడుస్తోంది.

"ఈ కాలంలో వేపాకేమప్పా ఓబులేసూ? ఆసుపత్రికి పోవాలని తెలీదా?" అని ఆసుపత్రి వరండాలో ఆమె మొగుడి మీద అరిచాను.

"ముందు ఆడికే పోయినామన్నా. మన మండలం ఆసుపత్రికి బీగమేసి ఉండాది. ఆ బీగం నమిలించాల్నా?"

మూఢనమ్మకాల మీద మొదలుపెట్టిన వ్యాసం కొట్టేశాను. వేపచెట్టుకు ఎవరూ బీగం వేయలేదు. రాయాల్సింది ఆ బీగం వేసినవాళ్ల మీద. కానీ ఇప్పుడు కలం సాగడం లేదు. లక్ష్మక్క రెప్ప ఎత్తిందని ఓబులేసు ఫోను ఇంకా రాలేదు.