ఒక ఫోనుకు ఒక్క ఓటు

మంగళవారం

వార్డుకు ఏం కావాలో ప్రజలే ఫోనులో చెప్పాలని మున్సిపాలిటీ వాళ్లు అడిగితే నేను నిజంగానే నమ్మాను. మా కాలనీలో చాలామందికి మెసేజ్ పెట్టడం రాదు. అందుకే వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి, పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లను అడిగి, వాళ్ల పేర్లతో నా ఫోను నుంచే పంపాను. అందరిదీ ఒకటే మాట, మురికినీళ్లు పోవడానికి మోరీ కట్టాలని.

ఈరోజు మీటింగులో ఫలితం చదివారు. మెయిన్ రోడ్డు పక్కన పార్కు గెలిచింది. మోరీకి ఒక్కటంటే ఒక్క ఓటు.

"సార్, నేను ఎనభై మందివి పంపిన గదా!" అన్నాను.

"నంబరుకు ఒక్కటే ఓటమ్మా. కంప్యూటర్ గట్లనే లెక్క తీస్తది, నేనేం జెయ్యాలె?" అన్నాడు ఆఫీసరు. ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా అంటే, తీర్మానం అయిపోయిందన్నాడు.

తిరిగొస్తుంటే మా కాలనీలోని ఎల్లవ్వ ఇంట్లోకొచ్చిన మురికినీళ్లను చీపురుతో బయటికి నెడుతోంది. నన్ను చూసి ఆగింది.

"బిడ్డా, నా పేరు గూడ రాసుకున్నరా?"

"రాసుకున్నరవ్వా."

"గట్లయితే వానల వరకు కడ్తరు తియ్యి," అని నవ్వింది.

నిజం చెప్పాల్సింది. తలూపి వచ్చేశాను. మళ్లీ మున్సిపాలిటీ వాళ్లు అభిప్రాయాలు చెప్పమంటే, ఏ మొహం పెట్టుకుని ఎల్లవ్వ గడప తొక్కను...