రేకుల బస్తీ సైరన్

9 సెప్టెంబరు 1965, గురువారం

రేపు పదకొండు గంటలకి మా ఇల్లు కూలుస్తారట. మాదొక్కటే కాదు, మరోదా ఊరి పక్కనున్న ఈ రేకుల బస్తీలో అరవై ఇళ్లూ. నోటీసు హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. కూలేవాళ్ల భాషలో లేదు. ధనీరాం సేఠ్ అనే కాంట్రాక్టరు మమ్మల్ని విజయనగరంలో రైలెక్కించి తెచ్చి ఎనిమిదేళ్లయింది. ఇక్కడి ఉక్కు ప్లాంటుకి ఫర్నేసులు నిలబెట్టేశాం. ఇప్పుడు ఈ స్థలం ఆయన యార్డుకి కావాలట. యుద్ధం రోజుల్లో ఎవడడుగుతాడని ఇప్పుడే చూసుకున్నాడు.

నేను ఖలాసీని. గొలుసులేసి గర్డర్లు ఎత్తడం నా పని. వయసు నలభై ఆరు, చదువు అయిదో క్లాసు, అల్లరి ఎమ్మే. పోయిన వేసవిలో షిఫ్టు హూటర్‌లా కూసి ఒక గ్యాంగు మొత్తాన్ని అరగంట ముందే ఇంటికి పంపాను. మా ఆవిడ నూకమ్మ దానికి ఇంకా నవ్వలేదు.

బస్తీ ముందు ట్రెంచిలు తవ్వించారు. సైరన్ మోగితే అందులోకి దూకాలి. మా ఇళ్లు వాళ్లే కూలుస్తారు, బాంబు పడకుండా మమ్మల్ని వాళ్లే కాపాడతారు.

ఒక ఆలోచన వచ్చింది. రాయను.

10 సెప్టెంబరు, సాయంత్రం 4

రాస్తాను. 

జీపొచ్చింది. థానేదారు, పన్నెండుమంది పోలీసులు, సేఠ్ మనుషులు గడ్డపారలతో ఇరవైమంది. అప్పటికే నేను మా బస్తీ పెద్ద బలరాం అన్న ఇంటి చూరులోంచి కొమ్ముబూర తీశాను. నూకాలమ్మ పండగకి ఊదే ఇత్తడి బూర అది. మనిషంత పొడుగు, కొడవలిలా వంపు. బస్తీ వెనక ఖాళీ తారు డ్రమ్ము ఒకటి పడుంది. బూర మూతి అందులో పెట్టి ఊదాను. పైకి లేపి, కిందికి దించి, మళ్లీ లేపి. అచ్చం సైరనే. నాకే భయమేసింది.

పోలీసులు ట్రెంచిల్లోకి దూకారు. సేఠ్ మనుషులు గడ్డపారలు పారేసి రైలు కట్ట దాకా పరిగెత్తారు. అంతవరకూ నేననుకున్నట్టే జరిగింది. నవ్వుకుని ఇంటికి పోదామనుకున్నాను.

మా వాళ్ల సంగతి మర్చిపోయాను. పోలీసు చెవికి అది సైరన్. మా ఆడాళ్ల చెవికి అది అమ్మవారి బూర. ఎనిమిదేళ్లుగా దాని పిలుపు వింటే గుమ్మం దాటి బయటికి రావడమే వాళ్లకి అలవాటు. వేపమండలు, పసుపునీళ్లు పట్టుకుని అరవై ఇళ్లలోంచీ వచ్చేశారు. చూస్తే జీపు ఖాళీగా ఉంది, పోలీసులు గోతిలో ఉన్నారు. బలరాం అన్న భార్య, బస్తీ అంతా అత్తా అని పిలిచే జోగమ్మత్తకి పూనకం వచ్చింది. జీపు బానెట్ ఎక్కి, ఎవుడ్రా నా గుమ్మం తవ్వుతాడు, రండ్రా సూద్దాం అంది. గోతిలోంచి లేచిన పోలీసులు ఆ కేకకి జీపు వదిలేసి అట్నుంచటే రోడ్డు పట్టారు.

మగాళ్లు కేబుల్ డ్రమ్ములు, నులక మంచాలు తెచ్చి రోడ్డుకి అడ్డం పెట్టారు. బలరాం అన్న ఆ గుట్ట మీద జాతీయ జెండా కట్టాడు. మనం దేశానికి ఎదురు తిరగలేదు, సేఠ్‌కి తిరిగినాం, అది గుర్తెట్టుకోండి అన్నాడు. అంత మాట అనడానికి మూడుసార్లు దగ్గాడు.

బూర మళ్లీ చూరులో పెట్టేశాను. ఎవరూ చూడలేదు.

11 సెప్టెంబరు

నూకమ్మ చూసిందట. ఏటి సేసినావు మావా, పులిజూదంలో పులి సాలక పెళ్లికాడికి నిజం పులిని తెచ్చినట్టుంది నీ ఏలాకోలం అంది. ఆ సామెత దానిదే, నేనెక్కడా వినలేదు.

12 సెప్టెంబరు

బస్తీ లోపల గట్టి ఏర్పాట్లే. డ్యూటీకి పోకపోతే ఉద్యోగం పోతుంది. అందుకని మేం తిరుగుబాటు కూడా షిఫ్టుల్లోనే చేస్తున్నాం. ఎ షిఫ్టు వాళ్లు వెనక నాలా దాటి ప్లాంటుకి పోతారు, దిగొచ్చిన సి షిఫ్టు వాళ్లు అడ్డం దగ్గర నిలబడతారు. పొద్దున్న నేను మళ్లీ గర్డర్లెత్తాను. పక్కనున్న బిహారీ భయ్యా, అరే గద్దార్ ఆయా అన్నాడు, దేశద్రోహి వచ్చాడని. రోజూ నాతో ఖైనీ పొగాకు పంచుకునేవాడే. నవ్వుతూనే అన్నాడు. కానీ ఖైనీ ఇవ్వలేదు.

13 సెప్టెంబరు

కుళాయి కట్టేశారు.

14 సెప్టెంబరు, మధ్యాహ్నం

నాలా నీళ్లు కాచి తాగుతున్నాం. తుప్పు రంగు. పదకొండు కుటుంబాలు రుఆబాంధా వైపు చుట్టాల ఇళ్లకి వెళ్లిపోయాయి. పిల్లలున్నారు, ఏం చేస్తారు. వెళ్లేటప్పుడు ఒక్కరూ మా కళ్లలోకి చూడలేదు.

థానేదారు లౌడ్‌స్పీకరులో చెప్పాడు. ఇళ్ల గొడవ చిన్నదట. యుద్ధకాలంలో దొంగ సైరన్ ఊదడం పెద్ద నేరమట. డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం కింద జైలు, బెయిల్ లేదు. ఊదినవాణ్ణి అప్పగిస్తే మిగతావాళ్ల మీద కేసు లేదట.

అప్పుడు బస్తీ అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మవారే ఊదిందని ఇన్నాళ్లూ కొందరు నమ్మారు. నేనూ అందరి మొహాలూ చూశాను, నేరస్థుణ్ణి వెతుకుతున్నట్టు.

15 సెప్టెంబరు

ఇంకో పద్దెనిమిది ఇళ్లు ఖాళీ. రేషను లేదు. బలరాం అన్న దగ్గుతో కూర్చోలేకపోతున్నాడు. ఎనిమిదేళ్ల ఎర్రధూళి ఆయన ఛాతీలో ఉంది. రేపు లొంగిపోదాం అన్నాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ వద్దనలేదు. అలా అయిపోయింది మా యుద్ధం.

చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లాను. రెండుసార్లూ నిప్పడిగి బీడీ ముట్టించుకుని వచ్చేశాను.

16 సెప్టెంబరు, పొద్దున్న 9

లొంగిపోవడానికి తెల్లగుడ్డ కావాలి. బస్తీ అంతా వెతికితే తెల్లగుడ్డ లేదు. ఫర్నేసు ధూళికి మా పంచెలూ, దుప్పట్లూ, దండెం మీది ప్రతిదీ ఇటుకరంగు. ఎర్రజెండాతో లొంగిపోతే కాల్చేస్తారు అన్నాను. ఎవరూ నవ్వలేదు.

చివరికి కుసుమ వచ్చింది. రైల్వే వాళ్లమ్మాయి, కాపురానికి మా వరసలో చివరి ఇంటికొచ్చింది. చర్చిలో పెళ్లినాడు కట్టిన తెల్లచీర పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చింది. చింపకండి బాబాయ్, మడతెట్టి తెచ్చీండి అంది.

అదే రోజు, సాయంత్రం

పెళ్లిచీర వెదురుకి కట్టుకుని బలరాం అన్న ముందు నడిచాడు. జీపుని ఆడాళ్లు కడిగి, పసుపు రాసి అప్పగించారు. ఎందుకో తెలీదు. మా దగ్గర్నుంచి ఏదైనా బయటికి పోతే అలాగే పంపుతాం. షరతులు చదివారు: పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఊదినవాడు కావాలి.

సోదాలో బూర దొరికింది. ఎవరిది అన్నాడు థానేదారు. నాదే అన్నాడు బలరాం అన్న. ఎవరూదారు? నేను రెండో వరసలో ఉన్నాను. నోరు తెరిచాను. షిఫ్టు హూటర్ కూసిన నోరు, సైరన్ ఊదిన నోరు. దాంట్లోంచి గాలి కూడా రాలేదు.

నేనే ఊదినాను బాబూ అన్నాడు ఆయన. నా వైపు చూడకుండా అన్నాడు, చూడకుండానే పోలీసుల వెంట జీపెక్కాడు. ఆ చూడకపోవడంతో అర్థమైంది, ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసు.

17 సెప్టెంబరు

విశ్వకర్మ పూజ. మా గొలుసులకి బొట్లు పెట్టారు. ఏటా కొబ్బరికాయ కొట్టగానే బలరాం అన్న బూర ఊదేవాడు. ఇవాళ కాయ కొట్టాక అందరూ కాసేపు ఆగారు. తర్వాత ప్రసాదం పంచేశారు.

ఇంటికొస్తే జోగమ్మత్త గుమ్మంలో కూర్చునుంది. తిట్టలేదు. మీ అన్నకి ఇప్పుడు దీపం ఆర్పీడానికే ఊపిరి నేదు, అంత కూత ఎక్కడ్నించొచ్చిందో నీకు తెల్దేటి నాయనా అంది. లేచి వెళ్లిపోయింది. నూకమ్మ కంచంలో అన్నం పెట్టింది గానీ కూర వెయ్యలేదు.

18 సెప్టెంబరు, థానా

లాకప్‌లో రాస్తున్నాను. ఈ పుస్తకం చూసి హవల్దారు, ఏం మద్రాసీ, జిలేబీలు చుడుతున్నావా అని నవ్వి వదిలేశాడు.

పొద్దున్నే వచ్చి ఊదింది నేనే అన్నాను. థానేదారు టీ తాగుతున్నాడు. నమ్మలేదు. పోయినేడు బొగ్గుయార్డులో పులి తిరుగుతోందని ఈయనకే రిపోర్టిచ్చాను. జీపేసుకుని పోతే రంగేసిన కుక్క దొరికింది. నిన్న పులి, నేడు సైరన్, రేపు నేనే అయూబ్ ఖాన్‌నంటావా, పో అన్నాడు. లోపల్నుంచి బలరాం అన్న, ఆడి మాట నమ్మకండి బాబూ, పుట్టినకాణ్ణించీ ఆడికి అబద్ధాలే అని అరిచాడు. అరవగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. 

బూర సాక్ష్యంగా బల్ల మీదే ఉంది. తీశాను. వరండాలో ఖాళీ నీళ్ల డ్రమ్ముంది. మూతి అందులో పెట్టి నా దగ్గరున్నదంతా ఊదేశాను.

ఇద్దరు కానిస్టేబుళ్లు బల్ల కిందికి పోయారు. మిగిలినవాళ్లు థానా ముందు తవ్విన ట్రెంచిలోకి. థానేదారు టీగ్లాసుతో సహా దూకాడు. గేటు బయట అన్న కోసం కాచుక్కూర్చున్న జోగమ్మత్త జుట్టు విరబోసుకుని లేచి నిలబడింది.

థానేదారు చొక్కా మీద టీతో పైకొచ్చాడు. లాకప్ తాళం తీశాడు. ఒకర్ని బయటికి పంపి ఒకర్ని లోపలికి తోశాడు. దాటేటప్పుడు బలరాం అన్న నా నెత్తి మీద చెయ్యేసి, ఎదవా అన్నాడు.

20 సెప్టెంబరు

నూకమ్మ కేరేజీ తెచ్చింది. కూరుంది. మిగిలినవాటిలో ఇరవై ఇళ్లు సామాను సర్దేశాయట. కుసుమ చీరకి ధూళి పట్టి ఇటుకరంగైందట, ఉతికినా పోలేదట. నన్నెక్కడికి పంపుతారో ఎవరూ చెప్పడం లేదు.

22 సెప్టెంబరు, పొద్దున్న 10

సైరన్ మోగుతోంది. నిజందే, ప్లాంటు మీదది. పోలీసుల్లో ఒక్కరూ ట్రెంచిలోకి పోలేదు. అందరూ నా వైపు తిరిగారు. ఊచల్లోంచి రెండు చేతులూ బయటపెట్టి ఖాళీగా చూపించాను. నవ్వుతున్నారు. పోండ్రా, దూకండ్రా అని అరిచాను. ఇంకా నవ్వుతున్నారు.

మోగుతూనే ఉంది.